సున్నం పట్టిన సెల్లు

ఆ ఆదివారం పొద్దున స్వర్ణలత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉగ్గాని, బజ్జీల టిఫిన్ పని ముగించి, ఎండ ముదరకముందే కొలనులో నాలుగు చుట్లు ఈదడం. ఈత ఆమెకు పెళ్ళయ్యాకే వచ్చింది. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏదీ అడగలేని చోటు ఆ కొలనొక్కటే. ముక్కు దాకా నీళ్ళలో ఉన్న మనిషిని పోపుల డబ్బా ఎక్కడుందని అడగలేరు కదా.

కర్నూలు నుంచి డోన్ వెళ్ళే రోడ్డు పక్కన, నాపరాళ్ళ వ్యాపారం బాగా కలిసొచ్చిన ఏడాది, ఆమె భర్త ఉమామహేశ్వర ఆ కొలను కట్టించాడు. మామూలు కొలను కాదు. నీళ్ళలో ఉప్పు కలిపితే, ఆ ఉప్పులోంచే క్లోరిన్ తయారుచేసే మిషన్ కూడా బిగించాడు. "కడుపుకు నీళ్ళు లేని సీమలో కాళ్ళకు కొలనంట!" అని అతని తల్లి ఉరుకుందమ్మ ఆ రోజే అంది. పదేళ్ళుగా అంటూనే ఉంది. ఈ మధ్య ముసలిదైపోయిన మిషన్ కూడా ఆమె పక్షమే చేరినట్టుంది.

ఆ పొద్దున నీళ్ళు పచ్చబారి ఉన్నాయి, మిషన్ మీద లైటు ఎర్రగా వెలుగుతోంది. పచ్చగా ఉండవలసింది లైటు.

ఉమామహేశ్వర తమలపాకుకు బొటనవేలితో సున్నం రాసుకుంటూ వచ్చి చూశాడు. ఇంటి వెనక మంచినీళ్ళ సంపు కోసం బండ పగలగొట్టించి తవ్వించే పని నిన్ననే ముగిసింది. ఆ ఊపులోనే కొలను మీద పడ్డాడు.

"శానా ఓర్సుకున్నా స్వర్ణా. బస్తాలు బస్తాలు ఉప్పు మింగుతాంది, పని మాత్రం చెయ్యదు. నాలుగు గంటలకు బొజ్జన్నను ట్రాక్టర్లతో ఎర్రమట్టి తోలుకొని రమ్మంటా. ఈ గుంత పూడ్చిపారేద్దాం."

"గుంతేందండీ? కొలను."

"పాచి పట్టినాక ఏదైనా గుంతే."

"నాలుగు లోపల లైటు పచ్చగా వెలిగితే?"

"వెలిగితే బొజ్జన్నకు ఫోన్ కొట్టి వద్దంటా. మాటంటే మాట."

"పూడ్చినాక ఆడ టమాటా ఏస్తా," అంది ఉరుకుందమ్మ. ఆమె పుట్టిల్లు పత్తికొండ. ఖాళీ జాగా అంటే ఆమె లెక్కలో ఇంకా టమాటా వేయని జాగా.

ఉమామహేశ్వర అప్పటికప్పుడే బొజ్జన్నకు ఫోన్ చేసి "గుంత పూడ్చాల, రాప్పా" అని రెండు ముక్కల్లో చెప్పి, ఫోన్‌ను హాల్లో చార్జింగ్‌కు పెట్టాడు. అతని బొటనవేలు ఆనిన ప్రతిచోటా ఆ ఫోన్‌కు సున్నం చారలే. కొత్తగా చూసినవాళ్ళు అది డిజైన్ అనుకునేవారు.

మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు తిని ఉమామహేశ్వర గుర్రు పెట్టాడు. స్వర్ణలత మెకానిక్ బసవరాజ్‌కు ఫోన్ చేసింది. అతను ఆదోనిలో ఏదో పెళ్ళిలో ఉన్నాడు. "బంతిలో కూర్చున్యానమ్మా, తినేసి చేస్తా," అన్నాడు. అతను చేస్తే ఎత్తమని ఆమె తన ఫోన్ అత్త చేతికిచ్చి, స్క్రూడ్రైవర్ తీసుకొని మోటారు గదికి వెళ్ళింది. అంతలోనే ఫోన్ మోగింది.

"సెల్లుకు సున్నం పట్టింటాదమ్మా," అన్నాడు బసవరాజ్, మేళం మోతలో.

మిషన్ లోపల ఉప్పునీళ్ళలోంచి క్లోరిన్ తీసే రేకుల గొట్టాన్ని కూడా సెల్లే అంటారని ఉరుకుందమ్మకు ఎవరూ చెప్పలేదు.

"నేను వాళ్ళత్తను నాయనా," అంటూ ఆమె చార్జింగ్‌లో ఉన్న కొడుకు ఫోన్ వైపు చూసింది. పట్టింది, నిజమే. "ఔనప్పా! ఆడుండి ఎట్ల కనిపెట్టినావు?"

"మాకిది రోజూ ఉండేదే అవ్వా. ముందు కరెంటు తీసేయాల. పైన తొడుగు ఊడదీసి, బకెట్ నీళ్ళలో బాత్రూం యాసిడ్ కొంచెం కలిపి నానబెట్టండి. నురగ వస్తాది. నురగ నిలిచిపోతే సున్నం పోయినట్టే. చెయ్యి మాత్రం పెట్టొద్దు."

ఉరుకుందమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. చార్జర్ పీకింది. తొడుగు ఊడదీసింది. పట్టకారుతో పట్టుకొని సెల్లును బకెట్లోకి దించింది. నురగ బుసబుసా పొంగింది. సున్నం చేత్తో సెల్లు ముట్టుకోవద్దని కొడుక్కు ఎన్నిసార్లు చెప్పిందో! వినలేదు. ఇప్పుడు చూడు ఎంత పట్టిందో అనుకుంది.

స్వర్ణలత తిరిగొచ్చింది. "బసవరాజ్ చేసినాడా అత్తా?"

"చేసినాడు. సెల్లు యాసిడ్‌లో నానబెట్టమన్నాడు. నువ్వొచ్చేదాకా ఎందుకులే అని నేనే పెట్టేసినా."

మిషన్ సెల్లు ఇంకా మిషన్‌లోనే ఉంది. స్వర్ణలత ఏమీ అర్థంకాక బకెట్లోకి తొంగిచూసింది. అడుగున ఆమె భర్త వ్యాపారమంతా పడుకొని, చివరి బుడగలు వదులుతోంది.

"అత్తా! బసవరాజ్ చెప్పింది మిషన్‌లోని సెల్లు!"

ఉరుకుందమ్మ కూడా బకెట్లోకి తొంగిచూసింది. "మిషన్‌కు సెల్లెందుకుమే? అది ఎవరితో మాట్లాడుతాది?" అని, గొంతు తగ్గించి, "వానికి చెప్తావా?" అంది.

"నిద్రపోయే మనిషిని లేపకూడదు అత్తా," అంది స్వర్ణలత. ఫోన్‌ను కడిగి, తుడిచి, బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. కలిపిన యాసిడ్ వృథా చేయడమెందుకని, అసలు సెల్లును ఊడదీసుకొచ్చి అదే బకెట్లో ముంచింది. మళ్ళీ నురగ. నురగ నిలిచాక కడిగి, బిగించి, స్విచ్ వేసింది. లైటు ఎర్రగా వెలిగింది. ఆమె మనసులో అహోబిలం నరసింహస్వామికి ఒక టెంకాయ మొక్కుకుంది. లైటు ఆరింది. పచ్చగా వెలిగింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ట్రాక్టర్లు ఆగాయి.

"అమ్మా, సారు ఫోను స్విచాఫ్ వస్తాంది," అన్నాడు బొజ్జన్న. "గుంత పూడ్చమన్నాడు. యాడుండాది?"

స్వర్ణలత ఒకసారి కొలను వైపు చూసింది. "ఈ ఇంట్లో గుంత అనేది ఒకటేనప్పా ఉండేది. నేను సారును లేపుకొస్తా, అందాకా ఆగు."

ఆ చివరి మాట ట్రాక్టర్ మోతలో బొజ్జన్నకు వినపడలేదు. వినపడేంత గట్టిగా ఆమె కూడా అనలేదు.

భర్తను లేపడానికి కొంత సమయం పట్టింది. "లైటు పచ్చగా వెలిగిందండీ. బొజ్జన్నకు వద్దని చెప్పండి."

"నా సెల్లు యాడ?" అన్నాడు అతను దిండు కింద తడుముకుంటూ. ఇంటి వెనక మట్టి కుమ్మరించిన చప్పుడు వినిపించింది. మళ్ళీ వినిపించింది. ఉమామహేశ్వర లుంగీ ఎగ్గట్టుకొని పరుగెత్తాడు.

కొలను ఎక్కడిదక్కడే ఉంది. సంపు ఉండాల్సినచోట ఎర్రమట్టి ఉంది.

"ఒరేయ్ బొజ్జన్నా! ఏం చేసినావురా?"

"గుంత పూడ్చినా సారూ. మీరు చెప్పిందే కదా!"

"నేను చెప్పింది ఆ గుంత!"

బొజ్జన్న కొలను వైపు చూసి నోరు తెరిచాడు. "నీళ్ళుండేదాన్ని గుంతంటారా సారూ యాడైనా? మన దిక్కు గుంతంటే ఎండిపోయిందే కదా. అడుగుదామని చేస్తానే ఉండా, మీ ఫోను మోగితే కదా!"

ఉమామహేశ్వర నెలంతా బండతో కొట్లాడి తవ్వించిన సంపును చూస్తూ నిలబడ్డాడు. ఉరుకుందమ్మ వంగి, పిడికెడు మట్టి తీసి నలిపి చూసింది.

"మట్టి మంచిదే. టమాటాకు పనికొస్తాది," అంటూ చెంగులోంచి కొడుకు ఫోన్ తీసింది. దానికింకా రెండు బియ్యపు గింజలు అంటుకొని ఉన్నాయి. "ఇంద నాయనా, సున్నం సుక్క లేదు."

అతను బటన్ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"మాటంటే మాట అన్నారు," అంది స్వర్ణలత, ఈత బట్టలు తెచ్చుకోవడానికి లోపలికి వెళుతూ.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో రెండు సెల్లులూ సున్నం లేకుండా తళతళలాడాయి. ఒకటి పనిచేసింది కూడా.