అలిగిన బావకు ఆగని పిలుపు

ఆ రోజు పొద్దున నాగవేణి పెట్టుకున్న పని ఒక్కటే. సర్వర్లో ఫోన్లు చేసే ప్రోగ్రాం మధ్యలో చచ్చిపోతే దాన్ని మళ్లీ లేపడానికి ఏ పనిముట్టు పెట్టాలో తేల్చడం. నరసరావుపేటలో తిరుపతిరావు నడిపే ఆ ఆఫీసు, పెళ్లివారి గొంతు రికార్డు చేసి చుట్టాలందరికీ ఫోన్లో ఆఖరి పిలుపు పంపుతుంది. పోయినసారి ప్రోగ్రాం చడీచప్పుడు లేకుండా చచ్చి, ఒక పెళ్లికి సగం మంది రాలేదు. ఇంకోసారి అలా జరిగితే ఉద్యోగం ఊడుతుందని నాగవేణికి తిరుపతిరావు ముందే చెప్పిపెట్టాడు.

"సర్వర్లోనే ఉండే సిస్టమ్‌డీ అనే పనిముట్టు చాలక్కా. నాలుగైదు సార్లు లేపుద్ది. అప్పటికీ చస్తంటే ఆగి మనకి చెప్పుద్ది," అన్నాడు పక్క సీటు కాలేబు.

"ఆగేదేందిరా? ఎన్నిసార్లు చస్తే అన్నిసార్లు లేపాల. మొండిది కావాల నాకు!" అని తిరుపతిరావు ఇంతెత్తున లేచాడు.

కాలేబు మాటే సరైనదని నాగవేణికి తెలుసు. కానీ జీతమిచ్చేది కాలేబు కాదు. అదే పనిముట్టు పెట్టి, నాలుగైదు సార్లకు ఆగే హద్దు మాత్రం తీసేసి, కోటేశ్వర్లు కూతురి పెళ్లి పిలుపులు మొదలుపెట్టింది. "నేను కోటేశ్వర్లుని. అమ్మాయి పెళ్లి. మీరు రాకపోతే నాకు ముద్ద దిగదు," అని ఆయన గొంతు. తెరమీద పచ్చగా 'నడుస్తోంది' అని కనపడింది. ఎప్పుడు చూసినా అదే పచ్చ. ఆమె నిశ్చింతగా గోంగూర అన్నం తిన్నది.

సాయంత్రం కోటేశ్వర్లు ఊడిపడ్డాడు. "ఏందమ్మా ఇది? ఎల్లుండి పెళ్లి పెట్టుకుంటే నా చుట్టాల్లో ఒక్కడికీ ఫోన్ రాలేదంట! వినుకొండ నాంచారయ్య బావకి మాత్రం పొద్దుట్నుంచీ మోగతానే ఉందంట. పంచెకట్టు ఫంక్షన్ ఫ్లెక్సీలో ఆయన బొమ్మ చిన్నది ఏశానని అలిగి, నాతో మాటలే మానేశాడు. మర్యాదకి ఒక్కసారి పిలవమంటే, ఆయన్ని ఎగతాళి చేస్తారా?"

నాగవేణి వెంటనే పిలుపుల జాబితా తెరిచింది. మొదటి పేరు నాంచారయ్య. రెండో పేరు దగ్గర, నంబరు ఉండాల్సిన చోట, కోటేశ్వర్లే స్వయంగా 'ఈమెకు ఫోన్ లేదు, ఎదురింటికి చేసి పిలవండి' అని రాశాడు. అక్కడికి రాగానే ప్రోగ్రాం చస్తోంది. పనిముట్టు లేపుతోంది. లేచిన ప్రోగ్రాం మళ్లీ మొదటి పేరు నుంచి అందుకుంటోంది. ఆమె గబగబా ఆపేసి తలెత్తేసరికి గుమ్మంలో ఆరడుగుల మీసాలాయన నిలబడి ఉన్నాడు. "ఇంటికెళ్తే ఇక్కడున్నావన్నారు!" అని గర్జించాడు.

"నాంచారయ్య బావ!" అని గొణిగాడు కోటేశ్వర్లు. తిరుపతిరావు బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

"ఒరేయ్ కోటేసూ! మొదట కట్ చేశా. తర్వాత చానా తిట్టా. ఎంత తిట్టినా 'మీరు రాకపోతే నాకు ముద్ద దిగదు' అంటానే ఉన్నావు గదరా! నా పెళ్లిలో కూడా నన్నెవరూ ఇంత బతిమాలలేదురా!" అని నాంచారయ్య కండువాతో కళ్లొత్తుకున్నాడు.

కోటేశ్వర్లు నిజం చెప్పబోయాడు. నాగవేణి ఆయన కాలు గట్టిగా తొక్కింది.

"నువ్వు లేని పెళ్లి పెళ్లేనా బావా," అన్నాడాయన వెంటనే.

"ఇంకెవర్ని పిలవాల? ఇటియ్యి!" అని నాంచారయ్య అక్కడే కుర్చీ లాక్కుని, ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి, బావమరిది తనని ఎన్నిసార్లు పిలిచాడో ముందు చెప్పి, పెళ్లి సంగతి తర్వాత చెప్పాడు.

పెళ్లికి అందరూ వచ్చారు. సగం మంది మాత్రం మూతులు ముడుచుకునే తిన్నారు, ఆయనకి అన్నిసార్లు, మాకు ఒక్కసారేనా అని. నాగవేణి ఉద్యోగం నిలబడింది. మర్నాడే ఆమె హద్దు తిరిగి పెట్టబోతే తిరుపతిరావు చెయ్యి పట్టుకుని ఆపాడు.

నాంచారయ్య కథ విని ఇప్పుడు ఆ ఆఫీసుకొచ్చే పెళ్లివారు ముందుగా అడిగేది ఒక్కటే: "మీ మిషను రోజుకి ఎన్నిసార్లు చస్తదండీ?"