క్యూలో నాలుగు లైన్లు

మనం పంపిన పనిని ఆరేళ్ళపాటు ఎవరూ ముట్టుకోకపోవడం కన్నా పెద్ద గౌరవం ఈ లోకంలో లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! వెంటనే చదివి వెంటనే 'సరే' అనేస్తే ఆ పనికి విలువేముంది? పోస్టుకార్డుకీ దానికీ తేడా ఏముంది?

నా మాటకి బలం లేకపోలేదు. నా పేరు టోర్కెల్. గోథెన్‌బర్గ్‌లో ఎకొర్రె అనే కంప్యూటర్ భాషకి కంపైలర్‌ని పోషిస్తున్న సంఘంలో ఇరవై రెండేళ్ళుగా సభ్యుణ్ణి. ఎకొర్రె అంటే మా స్వీడిష్ మాటలో ఉడుత. కంపైలర్ అంటే, మీరు రాసిన ప్రోగ్రాంని యంత్రం బుర్రకెక్కేలా మార్చి చెప్పేది. ఇరవై రెండేళ్ళుగా దాన్ని బాగు చేస్తూనే ఉన్నాం. అయినా పూర్తి కాలేదంటే, బాగు చెయ్యడానికి అందులో ఎంత సరుకుందో ఊహించుకోండి!

మాది ఫంక్షనల్ భాష. అదేమిటని పెళ్ళి విందుల్లో ఎవరైనా అడుగుతారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే వాళ్ళకి అవతలి టేబుల్ దగ్గర ఎవరో పిలిచినట్టుంటుంది. నిజానికి రెండే ముక్కలు. ఒకసారి ఒకదాన్ని అయిదు అన్నామంటే అది చచ్చేదాకా అయిదే. ఇక రెండోది మా భాషకి ప్రాణం. జవాబు కావాలని ఎవరైనా అడిగేదాకా అది ఏ లెక్కా చెయ్యదు. అడక్కపోతే జన్మలో చెయ్యదు. దీన్ని మేం సోమరి పద్ధతి అని ముద్దుగా పిలుచుకుంటాం.

ఇంత గొప్ప సూత్రాన్ని యంత్రానికి వదిలేసి మనుషులం ఊరుకోగలమా?

అందుకే మా క్యూ. ఎక్కడెక్కడి వాళ్ళో కంపైలర్లో తప్పులు కనిపెట్టి, దిద్ది, ఉడుతా భక్తిగా మాకు పంపుతారు. అవి వరసలో నిలబడతాయి. సంఘంలో చదివే హక్కున్న నలుగురిలో ఎవరో ఒకరు చదివి 'సరే' అంటేనే లోపలికి వెళ్తాయి. పోయిన నెల లెక్క ప్రకారం క్యూలో రెండువందల ముప్ఫై ఒకటి ఉన్నాయి. నలుగురం సోమరి పద్ధతిని మనసారా నమ్మినవాళ్ళమే.

దీని వల్ల లాభాలు చూడండి! ఉప్సాలా నుంచి ఒకాయన చదువుకునే రోజుల్లో ఒక దిద్దుబాటు పంపాడు. మేం తొందరపడలేదు. ఆయనకి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఈలోగా ఆయన దిద్దిన భాగాన్నే మేం కంపైలర్లోంచి పీకి పారేశాం. చదివి ఉంటే ఎంత శ్రమ దండగ!

ఇంకొకాయన తప్పు చూపించే సందేశంలో ఒక మాట మొరటుగా ఉందని మార్చి పంపాడు. ఏడు నెలలు చర్చించాం. నలభై మూడు అభిప్రాయాలు వచ్చాయి. అందరికీ నచ్చే మాట దొరక్క చివరికి సందేశాన్నే తీసేశాం. ఇప్పుడు అక్కడ తప్పు చేస్తే మా కంపైలర్ కిక్కురుమనకుండా ఆగిపోతుంది. ఎంత ప్రశాంతంగా ఉందో!

ఇక డీసా సంగతి.

డీసా మా బిల్డింగ్‌లోనే మూడో అంతస్తులో ఉంటుంది. మా మయోర్నా పేటలో వంట చేసుకోలేని పెద్దవాళ్ళకి రోజూ వేడి భోజనం డబ్బాలు పంపించే పని ఆవిడది. ఏ డబ్బా ఏ మెట్లెక్కాలి, ఏ డ్రైవరు ఎటు వెళ్ళాలి అనేది ఆవిడ ఎకొర్రెలో రాసుకున్న ప్రోగ్రాం చెబుతుంది. మా భాషని తయారుచేసేవాళ్ళం నలభై ఒక్క మంది. దాంతో రోజూ పని నడుపుకునే మనిషి మా ఊళ్ళో ఒక్కరే. అది డీసా.

పేరుకి తగ్గట్టు మా ఉడుతకి దాచుకునే అలవాటుంది. అవసరం తీరిన లెక్కల్ని పారెయ్యకుండా మెమరీలో మూల మూలలా కుక్కుతుంది, కుక్కి మర్చిపోతుంది. పొద్దున్న పదిన్నరకల్లా మెమరీ నిండిపోయి డీసా ప్రోగ్రాం గుడ్లు తేలేస్తుంది. మళ్ళీ లేపాలంటే ఇరవై నిమిషాలు.

దీన్ని బగ్ అంటారా? ఆ ఇరవై నిమిషాల్లో పదిమంది డ్రైవర్లు కూర్చుని కాఫీ తాగుతారు, యాలకుల బన్ను తింటారు. మా బగ్ లేకపోతే వాళ్ళకా విశ్రాంతి ఎవరిస్తారు? లేచిన ప్రోగ్రాంకి అంతకు ముందు ఏం పంపిందో గుర్తుండదు కాబట్టి ఎవాల్డ్ అనే ముసలాయనకి చేప ఉండల డబ్బా రెండుసార్లు వెళ్తుంది. ఎదురింటి తూరాకి అసలు వెళ్ళదు. ఆవిడ వెళ్ళి ఎవాల్డ్ తలుపు తడుతుంది. పాతికేళ్ళుగా ఎదురెదురు తలుపుల్లో ఉండి పలకరించుకోని ఇద్దరిని ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది ఎవరు? మేమే!

ఇంత మేలు జరుగుతున్నా డీసాకి కృతజ్ఞత లేదు. రాత్రికి రాత్రి కాదు గానీ, ఒక చలికాలమంతా కూర్చుని మా కంపైలర్ని చదివి, తప్పెక్కడుందో పట్టుకుని, నాలుగంటే నాలుగు లైన్లలో దిద్ది పంపింది. ఇది ఆరేళ్ళ కిందటి మాట. మా నుంచి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా, "మీది పాతబడింది, కొత్తదానికి సరిపోయేలా సర్ది మళ్ళీ పంపగలరు" అని మర్యాదగా రాశాం. సర్ది పంపింది. మళ్ళీ రాశాం. మళ్ళీ పంపింది. అలా పదకొండుసార్లు.

చదవాల్సిన మనిషిగా దాని మీద రాసి ఉన్న పేరు నాదే. అది మీకు చెప్పాలనుకోలేదు.

ఒకే మెట్ల మీద ఉండే మనుషులం కదా, ఎదురుపడితే ఇబ్బంది. అందుకని బయటికెళ్ళే ముందు తలుపు కన్నంలోంచి చూసుకుని, మెట్లు ఖాళీగా ఉంటేనే అడుగు బయటపెడతాను. ఈ ఊళ్ళో అందరూ అలాగే చేస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న చెత్త సంచీ పట్టుకుని కన్నం దగ్గర నిలబడ్డాను. అవతల డీసా ఆగింది.

"టోర్కెల్, నీ ఊపిరి వినబడుతోంది."

"నేను ఇంట్లో లేను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

"లేకపోతే పోనీ, లేని మనిషివే విను. శుక్రవారం మీ కొత్త వెర్షన్ వస్తోందిగా? నా నాలుగు లైన్లూ అందులో లేకపోతే సోమవారం నుంచి మా డబ్బాలు వేరే భాషలో తిరుగుతాయి. నాకూ ఓపికకి హద్దుంటుందయ్యా."

ఆవిడ బూట్ల చప్పుడు కిందికి దిగిపోయింది. నేను చెత్త సంచీతో అరగంట అక్కడే నిలబడ్డాను.

మర్నాడు బట్టలుతుక్కోవడానికి కిందికి వెళ్తే, అందరూ వాడుకునే ఉతుకుడు గది తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంది. మా ఊళ్ళో మనిషి మొహం మీద అనలేని మాటలన్నీ ఆ తలుపు మీదే అంటారు. ఫిల్టరు శుభ్రం చెయ్యలేదనీ, తన టైములో ఇంకెవరో ఉతుక్కున్నారనీ. ఈ కాగితంలో ఇలా ఉంది: "శుభ్రంగా ఉతికి, పదకొండుసార్లు ఇస్త్రీ చేసి మడత పెట్టిన నాలుగు లైన్లు ఆరేళ్ళుగా ఇక్కడే పడున్నాయి. సంబంధించిన వారు తీసుకెళ్ళగలరు."

దాని కింద అప్పటికే ముగ్గురు పొరుగువాళ్ళు "అవును, సిగ్గుచేటు!" అని రాశారు. వాళ్ళు దేని గురించి అనుకున్నారో దేవుడికే తెలియాలి.

అదే సాయంత్రం సంఘం సమావేశం. ఎజెండాలో మొదటి అంశం, మా సంఘం గుర్తు బొమ్మలో ఉడుత తోక ఎడమకి ఉండాలా కుడికా. గంటన్నర అయినా తేలలేదు. కాఫీ టైములో నేను డీసా గొడవ ఎత్తి, మనం నమ్మిన సోమరి పద్ధతి ఎంత గొప్పదో, ఆవిడకి ఎందుకు అర్థం కావడంలేదో వివరించబోయాను.

గున్వోర్ బన్ను పక్కన పెట్టింది. ఎకొర్రెకి మొట్టమొదటి కంపైలర్ మొదలుపెట్టిన మనిషి. డెబ్బై ఒకటి నిండాయి గానీ నోటికి ఇంకా వయసు రాలేదు.

"ఆ సోమరి పద్ధతేంటో పూర్తిగా చెప్పు టోర్కెల్. నేనూ వింటా."

"అడిగేదాకా చెయ్యదు."

"అడిగితే?"

"అడిగితే... చేస్తుంది."

"ఎన్నిసార్లడగాలి?"

"ఒక్కసారే. చేసిన జవాబు గుర్తు పెట్టుకుంటుంది. రెండోసారి అడిగించుకోదు."

"ఆ పిల్ల ఎన్నిసార్లడిగింది?"

నేను బన్ను మీద చక్కెర పలుకులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

"పదకొండు" అంది గున్వోర్ తనే. "మన యంత్రం సోమరిదే, కానీ దానికో మర్యాదుంది. నీకదీ లేదు. నేనే చదివేద్దును, నా కళ్ళకి శుక్లాలు. ఆపరేషన్ క్యూలో పద్నాలుగు నెలల నించీ ఉన్నా. క్యూలో ఉండడం ఎంత బాగుంటుందో నాకు చెప్పకు."

సిగ్గేసింది. ఎందుకు చదవలేదో చెప్పేస్తాను, వినండి. కొత్తది ఏదైనా రాస్తే సభల్లో చప్పట్లు కొడతారు, మెడలో పేరు తగిలించి వేదిక ఎక్కిస్తారు. ఇంకొకరు రాసింది శ్రద్ధగా చదివి 'సరే' అంటే ఎవరు కొడతారు చప్పట్లు? అందుకే నలభై ఒక్క మందిమీ రాస్తూనే ఉన్నాం. పైగా ఆ దాచుకునే తప్పు చేసిన లైన్లు ఇరవై రెండేళ్ళ కిందట రాసింది కూడా నేనే. పై అంతస్తు మనిషి అడక్కుండా నా ఇంట్లోకొచ్చి నా మూల ఊడ్చినట్టనిపించింది.

గురువారం కూర్చుని చదివాను. పదకొండు నిమిషాలు పట్టింది. అందులో నాలుగు నిమిషాలు కళ్ళజోడు వెతుక్కోవడానికి. ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు. చక్కగా, పొందిగ్గా ఉన్నాయి ఆ లైన్లు. అంత సంతోషం నాకు ఈ మధ్య కాలంలో దేనికీ కలగలేదు. ఆరేళ్ళు నాకు నేనే దూరం చేసుకున్నాను దాన్ని!

శుక్రవారం వెర్షన్‌లో అవి వెళ్ళాయి. ఉతుకుడు గది తలుపు మీద, ఆవిడ కాగితం కింద, "తీసుకున్నాం. క్షమించు. టోర్కెల్" అని అతికించి పరుగున పైకొచ్చేశాను.

సోమవారం పదిన్నర అయింది, పదకొండయింది, డీసా ప్రోగ్రాం ఆగలేదు. తనకి ఒక్క డబ్బానే వచ్చిందేమిటని ఎవాల్డ్ ఫోన్ చేసి గొడవపడ్డాడట. తూరా మాత్రం తన డబ్బా పట్టుకుని ఎప్పట్లాగే ఆయన టేబుల్ దగ్గరికే వెళ్ళింది. డ్రైవర్ల కాఫీ కూడా ఎక్కడికీ పోలేదు. పదిన్నరకి అందరూ కూర్చోవాలని డీసా రూలు పెట్టింది.

ఉతుకుడు గది తలుపు మీద ఇంకో కాగితం ప్రత్యక్షమైంది: "సంతోషం. క్యూలో ఇంకా రెండువందల ముప్ఫై ఉన్నాయి. చదివే హక్కు నాకిస్తే రోజుకొకటి చదువుతాను."

నేను వెంటనే సమాధానం రాయడం మొదలుపెట్టాను: "మీ విన్నపాన్ని వరసలో చేర్చుకున్నాం..." అంతవరకూ రాసేసరికి గున్వోర్ ఫోన్. "ఇచ్చేశాను" అని పెట్టేసింది.

డీసా క్యూని పాత చివర నుంచి మొదలుపెట్టింది. అన్నిటికన్నా పాతది, పద్నాలుగేళ్ళ కిందటిది, నాది. దాని కింద ఆవిడ ఇలా రాసింది: "ఈ పెద్దమనిషెవరో సగంలో వదిలేశాడు. ఆలోచన బాగుంది. మంగళవారంలోగా పూర్తి చేస్తే చదువుతాను, లేకపోతే తీసేస్తాను."

ఎంత పౌరుషం వచ్చిందనుకున్నారు! తిండి మాని, తోక చర్చకి కూడా వెళ్ళకుండా, పద్నాలుగేళ్ళ పనిని అయిదు రోజుల్లో పూర్తి చేశాను. నేను ఇంతవరకూ రాసినవాటిలో అంత మంచిది లేదు. మంగళవారం మధ్యాహ్నం పంపాను.

ఇవాళ గురువారం.

రెండు రోజులైందండీ! పూర్తిగా నలభై ఎనిమిది గంటలు! చూశాననీ లేదు, చూడలేదనీ లేదు. ఒక మనిషి ప్రాణం పెట్టి రాసి పంపితే అలా గాలికొదిలేయడమేనా? సంస్కారం అనేది ఉండక్కర్లేదా? గౌరవమట గౌరవం! ఈ వ్యాసం మొదటి పేరా నేను మంగళవారానికి ముందు రాసింది, దయచేసి దాన్ని చదవకండి.

పొద్దుటి నుంచీ తలుపు కన్నం దగ్గరే ఉన్నాను. పైన మూడో అంతస్తులో గొళ్ళెం తీసిన చప్పుడైంది. మరి ఉంటాను. ఆవిడ దిగి వచ్చేలోగా నేను చెత్త సంచీ పట్టుకుని, అనుకోకుండా మెట్ల మీద ఎదురుపడాలి.