గుట్ట మీద నీటికుంట

కరువు నేలలో పడే ప్రతి వానచుక్కనూ ఒడిసిపట్టాలని ప్రభుత్వం తీర్మానించింది. ఎక్కడ పట్టాలో నిర్ణయించే భారం ఒక ఫోన్ యాప్‌కు అప్పగించింది.

సోమందేపల్లె దగ్గరి ఒక ఊళ్లో బయమ్మకు ఈ తీర్మానం సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆమె బోరు ఎండిపోయింది. చీనీతోటలో బత్తాయి చెట్లు ఆకు ముడుచుకుంటున్నాయి. వానకు ముందే పొలంలో ఒక కుంట తవ్విస్తే, నీళ్లు నిలిచి చెట్లు బతుకుతాయి. ఆ చెట్లు ఆమె భర్త బయ్యన్న నాటినవి. తొలి కాపు ఆయన పోయాక వచ్చింది. ఆ కాయలను బయమ్మ అమ్మలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

రైతు సేవా కేంద్రంలో పనిచేసే సుష్మ ఆమెను కూర్చోబెట్టింది.

"పథకాలు చానా ఉండాయి అత్తా. నీకేది కావల్ల?"

"కుంట తవ్విచ్చేది."

"అది వ్యవసాయం కాదత్తా, జలసంరక్షణ. అది ఈడ లేదు."

"మరి యాడుండాది?"

"ఫోన్‌లో."

నియమం చాలా సులువు. రైతు తన పంటతో సహా పొలంలో నిలబడి ఫొటో దిగాలి, అక్కడినుంచే అప్పటికప్పుడు పంపాలి. పొలాల్లో సిగ్నల్ లేదు. ఊరి పక్క గుట్ట మీద ఉంది. అందువల్ల ఊళ్లో ఒక ఆచారం స్థిరపడింది. ఎవరి పొలంలోంచి వారు ఒక మొక్క పీక్కుని గుట్టెక్కి, దాన్ని చేతిలో పట్టుకుని ఫొటో దిగుతారు. ఫొటోతోపాటు అది తీసిన చోటి వివరం కూడా వెళ్తుందని యాప్ ఎవరికీ చెప్పలేదు (ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదేమో).

ఆ విధంగా ఊరి పొలాలన్నీ సర్కారు లెక్కలో ఒకే బండ మీదికి చేరాయి. వేరుశనగ మీద కంది, కంది మీద ఆముదం. ఇంత దట్టమైన వ్యవసాయం జిల్లాలో మరెక్కడా లేదని జలసంరక్షణ సమన్వయాధికారి ప్రతాప్ గారు ఒక సమావేశంలో హర్షం వెలిబుచ్చారు.

బయమ్మ కూడా గుట్టెక్కింది. పచ్చికొమ్మ విరవడానికి మనసొప్పక, రాలిపడిన పుల్లనొకదాన్ని పట్టుకుని ఫొటో దిగింది. కుంట మంజూరైంది. గుట్ట మీద.

జేసీబీ తోలుకొచ్చిన ఇమ్మానుయేల్ కింద బండి ఆపి, మెడ వెనక్కి వాల్చి పైకి చూశాడు.

"ఏమక్కా, నీ తోట ఆడుండాదా?"

"ఆడెందుకుంటాదప్పా? ఈ పక్కనే. రా, చూపిస్తా."

"నేను చూస్తే యాం లాభం? మంజూరైన తావున కాకుండా యాడ తవ్వినా నాకు బిల్లు రాదు."

బయమ్మ ప్రతాప్ గారి దగ్గరికి పోయింది. ఆయన మర్యాదస్తుడు, లేచి ఫ్యాను వేశారు.

"సార్, నీళ్లు గుట్టెక్కుతాయా?"

"వాన పైనుంచే కదమ్మా పడేది. గుట్టయితే ఇంకా దగ్గర."

"ఒక్కసారి వచ్చి తోట సూడండి సార్."

"చూస్తే నాకు తెలుస్తుంది. నాకు తెలిస్తే సరిపోదమ్మా. స్థల సవరణ కోరండి. పొలంలో నిలబడి ఇంకొక ఫొటో పంపితే చాలు."

ఈలోగా వాన వచ్చింది. అనుమతి లేకుండానే, పొలంలోనే కురిసింది. బయమ్మ చెంగు దోపుకుని పారతో మట్టి ఎగదోసి కట్ట వేసింది. నీళ్లు ఆ కట్టను కూడా వెంటబెట్టుకుని వంకలో కలిశాయి. మళ్లీ వాన రాలేదు.

చెట్లు ఒక్కొక్కటే ఎండుతుంటే, సుష్మ ఆమె తరఫున నష్టపరిహారం కోరింది. జవాబు ఎన్నడూ లేనంత త్వరగా వచ్చింది. సుష్మ దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"ఉపగ్రహంతో సూసినారంట అత్తా. గుట్ట మీద చెట్లే లేవంట. లేని చెట్లు ఎండే అవకాశం లేదని రాసినారు."

బయమ్మ ఫోన్ వైపు వంగింది.

"నాటిన మనిషన్నా ఒకప్పుడు ఉన్న్యాడని యాడన్నా రాసుండాదేమో సూడమ్మా."

సుష్మ ఫోన్‌లో చాలాసేపు పైకీ కిందికీ వెతికింది.

"సర్వర్ పనిచేస్తాలేదత్తా," అంది తలెత్తకుండా.

మిగిలిన చెట్లు కూడా ఆ నెలలోనే ఎండిపోయాయి. ఆ ఒక్క పని మాత్రం ఏ యాప్ సాయమూ లేకుండా, సరిగ్గా పొలంలోనే జరిగింది.