ప్లాను మీద నడక

నల్లమేకలగూడ పురపాలక సంఘంలో ఫుట్‌పాత్‌లకూ సైకిలు దారులకూ నేల మీద చోటు లేదని తేలడంతో, జూన్ ఒకటో తేదీ నుంచి కాలినడకన పోయేవారూ సైకిలు తొక్కేవారూ పట్టణ ప్లాను మీదే ప్రయాణం చేయాలని ఉత్తర్వు వెలువడింది. ప్లానును ఆఫీసు రెండో అంతస్తు హాల్లో గోడ నుంచి గోడ దాకా పరిచారు. మనిషి దాని మీద కాలు పెట్టగానే రెండు వేలవ వంతుకు కుదించుకుపోతాడు. వెళ్లాల్సిన చోట ప్లాను దిగగానే అసలు ఊళ్లో అసలు సైజులో తేలతాడు. ఇదెలా సాధ్యమని ఒక కౌన్సిలర్ సమావేశంలో అడిగాడు. అది విద్యుత్ విభాగం చూసుకునే పని అని ఇంజనీరింగ్ వాళ్లు, ఇంజనీరింగ్ వాళ్ల పని అని విద్యుత్ వాళ్లు రాతపూర్వకంగా జవాబిచ్చారు. ఆయన తృప్తి పడ్డాడు.

సుగుణ ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం. బుధవారం, శనివారం టీకాల డబ్బా భుజాన వేసుకుని రెండు కిలోమీటర్ల దూరంలోని గొల్లబస్తీ అంగన్‌వాడీకి నడిచి వెళ్లడం పందొమ్మిదేళ్లుగా ఆమె పని. మెయిన్ రోడ్డు అంచున, లారీలకూ మురికి కాలువకూ మధ్య మిగిలిన జానెడు మట్టే ఆమె దారి. మూడేళ్ల కింద ఒక నీళ్ల ట్యాంకర్ రాసుకుంటూ పోతే మణికట్టు విరిగింది. డబ్బా మాత్రం కింద పడనివ్వలేదు.

ఆరోగ్య కేంద్రం పక్కనే మునిసిపల్ ఆఫీసు కాబట్టి మొదటి బుధవారమే ఆమె మెట్లెక్కింది. హాలు గుమ్మంలో అటెండర్ పోశెట్టి రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాడు.

“చెప్పులు ఇడువుండ్రి మేడం. ప్లాను మాస్తది,” అన్నాడు.

చెప్పులు సంచిలో పెట్టుకుని ఆమె భయం భయంగా కాలు మోపింది. కాగితం కొంచెం వెచ్చగా ఉంది. ఎదురుగా రెండు మీటర్ల వెడల్పున ఫుట్‌పాత్, ఎక్కడా గుంత లేకుండా, కనుచూపు మేర సాగింది. చెట్లు గుండ్రని పచ్చరంగు చుక్కలే అయినా వాటి కింద నీడ చల్లగా ఉంది. పక్కన నీలిగీతల మధ్య సైకిలు దారి. దాని మీద ట్రేలు కట్టుకుని గుడ్లమ్మే జహంగీర్ పోతూ బెల్లు కొట్టాడు. పదేళ్లుగా అతను కొడుతున్న బెల్లు ఒకరికి వినపడటం అదే మొదటిసారి.

కొంత దూరం పోయాక సుగుణ ఒక సంగతి గమనించింది. తాను వెనక్కి తిరిగి చూడటం లేదు. చేతులు వాటంతట అవే ఊగుతున్నాయి. చిన్నప్పుడు బడికి పోయేటప్పుడు పాడుకున్న పాట ఏదో నోట్లోకి వచ్చి, తనకే సిగ్గేసి ఆపేసింది. గొల్లబస్తీ దగ్గర ప్లాను దిగి పిల్లలకు టీకాలు వేస్తుంటే, ఇవాళ మేడం సూది నొప్పిగా లేదని ఒక తల్లి అంది. ప్లాను మీద తిరుగు ప్రయాణం పథకం రెండో దశలో గానీ రాదు కాబట్టి అంగన్‌వాడీ టీచర్ స్కూటీ మీద దింపింది.

ఇట్లా నెలన్నర గడిచింది. తర్వాత ప్లాను మీద ఒక టీ బండి వెలిసింది. నడిచేవాళ్లున్న చోట టీ తాగేవాళ్లుంటారని బండివాడి వాదన, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బండి దగ్గర నిలబడేవాళ్ల బైకులు వచ్చాయి. బైకులు ఎట్లా ఎక్కాయని అడిగితే, చెప్పులు విడిచే ఎక్కుతున్నారని పోశెట్టి చెప్పాడు. కౌన్సిలర్ పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి పచ్చచుక్కలకు అడ్డంగా లేచింది. సైకిలు దారి ఖాళీగా కనిపిస్తోందని ఎవరో కారు నిలిపారు. దాన్ని చూసి మరో పదకొండు మంది నిలిపారు. జహంగీర్ ఒక కారు తలుపుకు గుద్దుకుని నాలుగు ట్రేల గుడ్లు పగలగొట్టుకున్నాడు. ఆ పసుపు మరక దక్షిణ వార్డుల మీదుగా పారి ఎండిపోయింది. అప్పటినుంచి అది పారిశ్రామిక ప్రాంతంగా లెక్కకు వచ్చింది, ఎందుకంటే ఈ ప్లానులో పసుపు రంగుకు అర్థం అదే.

ఆగస్టులో కేబులు వాళ్లు వచ్చి ఫుట్‌పాత్‌ను బ్లేడుతో కోసి అట్లాగే వదిలేశారు. సుగుణ డబ్బా మోసుకుపోతూ ఆ చీలికలో పడింది. పడి, కింది అంతస్తులో పన్నుల సెక్షన్ బల్ల మీద పూర్తి సైజులో తేలింది. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండా ఇంటి నంబరు అడిగాడు.

మోకాలికి కట్టు కట్టుకుని ఆమె టౌన్ ప్లానింగ్ అధికారి విద్యాసాగర్ దగ్గరికి పోయింది. ఆయన మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. ఫిర్యాదులు అందాయని, ప్లానును సవరిస్తున్నామని చెప్పాడు. ప్లాను మీద వాహనాల రద్దీ పెరిగింది కాబట్టి ప్లానులోని ఫుట్‌పాత్‌ను తీసి రోడ్డు వెడల్పు చేస్తారు. ఆ ఫుట్‌పాత్‌ను విడిగా ఒక అనుబంధ ప్లానులో చూపించి బీరువాలో భద్రపరుస్తారు. నడవదలచినవారు దరఖాస్తు పెట్టుకుంటే బీరువా తెరుస్తారు.

“మరి నేల మీద ఏమన్న చేస్తరా సార్?” అని సుగుణ అడిగింది.

ఆయన బల్ల సొరుగు తెరిచి చూపించాడు. “నేల మా దగ్గర లేదు మేడం. మా దగ్గర ప్లానే ఉంటది.”

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నడిచేవాళ్లంతా ప్లాను మీదికి వెళ్లిపోయారని జూలైలోనే నివేదిక పంపారు. దాని ఆధారంగా ఊళ్లో మెయిన్ రోడ్డును ప్రహరీ గోడల దాకా వెడల్పు చేశారు. ఆ జానెడు మట్టి కూడా తారు కిందికి పోయింది.

ఆ శనివారం గొల్లబస్తీలో పదిహేడు మంది పసిపిల్లలకు టీకాలు వేయాల్సి ఉంది. అప్పటికే ఫుట్‌పాత్ బీరువాలోకి చేరింది, దాని తాళం ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నాడు. సుగుణ ఆఫీసు గేటు దగ్గర డబ్బాతో నిలబడి రోడ్డు వైపు చూస్తూ ఉంటే జహంగీర్ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

“నేనైతే కిందనే పోత అక్కా. గుడ్లు పలిగితే పలుగుతయి,” అన్నాడు. సైకిలును రోడ్డు దిక్కు తిప్పి, “నువ్వు గోడ దిక్కు నడువు. నేను లారీల దిక్కు ఉంట,” అన్నాడు.

ఇద్దరూ బయల్దేరారు. మూడు నెలలుగా రోడ్డు మీద మనిషిని చూడని డ్రైవర్లు ముందు హారన్ కొట్టారు, తర్వాత బండ్లు నెమ్మది చేసి కిటికీల్లోంచి తొంగి చూశారు. ఒకతను ఫోటో తీసుకున్నాడు. సుగుణ మెడ మళ్లీ పాత అలవాటు ప్రకారం వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. గంట ఆలస్యమైంది కానీ పదిహేడు మందికీ టీకాలు పడ్డాయి.

ఆ తర్వాతి వారం సర్వే బృందం వచ్చింది. రోడ్డు హద్దులకు లోపల రెండు ఆక్రమణలు ఉన్నట్టు గుర్తించింది: ఒకటి ఐదడుగుల రెండంగుళాల ఎత్తు, రెండోది ఐదడుగుల ఆరంగుళాలు, సైకిలుతో కలిపి. ఏడు రోజుల్లో తొలగిపోవాలని నోటీసు రాసి, నిబంధనల ప్రకారం ఆక్రమణ కట్టడం మీదే అంటించాలి కాబట్టి, సుగుణ వీపుకు జిగురుతో అంటించారు. ఆమె నోటీసును ఆమెకే చదివి వినిపించిన సర్వేయరు, తన చిన్నకూతురికి పోలియో చుక్కలు ఎప్పుడని అడిగాడు. ఆదివారం తీసుకురమ్మంది.

ఒక వకీలు సలహాతో ఇద్దరూ కోర్టుకు పోయారు. ఊరంతా ఆక్రమణలే కాబట్టి ఇటువంటి కేసుల్లో స్టే ఇవ్వడం అక్కడ మామూలే. వీళ్లకూ ఇచ్చారు. సుగుణ ఆ స్టే కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి టీకాల డబ్బా మీద, దూరం నుంచి కనిపించేట్టు కట్టుకుంది. లారీ మరీ దగ్గరికి వచ్చినప్పుడు డబ్బాను అటువైపు తిప్పుతుంది. కొందరు డ్రైవర్లు చదివి తప్పుకుంటారు.

కేసు వచ్చే నెల ఇరవైకి వాయిదా పడింది. అప్పటిదాకా ఆమె నడవవచ్చు.