తొమ్మిది కాటాల సాక్ష్యం

నలభై రోజులు నడిచినవాడు నలభై ఒకటో రోజు పొద్దున్నే చేసే పని ఒకటే: బరువు చూసుకోవడం. తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు ఆ పని ఇంట్లోనే కానిచ్చి ఉంటే బజారంతా సుఖంగా ఉండేది. కానీ ఇంట్లో మంచం కింద ఉన్న కాటాకి ముద్ర లేదు. ముద్ర లేని కాటా ఎక్కడం ఆయన హోదాకు తక్కువ. పన్నెండేళ్లుగా బజారులోని ప్రతి కాటా మీదా ముద్ర వేస్తున్నది ఆయనే. ఆ ముద్ర ఉన్న కాటా తప్పు చూపిందని ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు. పైపోస్టు కోసం ఆయన పెట్టుకున్న ఫైలుకు ఉన్న ఒకే ఒక్క బలం అది. ఆ మనిషిలో చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు.

"నేను పెట్టే ఉడకబెట్టిన కూరలకి పిట్ట కూడా ఒళ్లు చేయదండీ," అంది భార్య, ప్యాంటు హుక్కు మూడోసారి కుట్టి ఇస్తూ. "మరి ఇదెందుకు తెగుతోందో మీరే చెప్పాలి."

ఈమధ్య దారాలు నాసిరకంగా వస్తున్నాయని చెప్పి ఆయన బయలుదేరాడు. కనబడ్డ ప్రతివాడినీ ఆపి, అయిదు కిలోలకు తక్కువ తగ్గి ఉండనని అడక్కపోయినా చెప్పాడు. ధాన్యం కొట్టు ముందు బస్తాలు తూచే కాటా ఉంది. నలభై రోజుల కిందట అదే కాటా మీద ఎనభై అయిదు తూగాడు. ఇవాళ చెప్పులు విడిచి, గడియారం తీసి, జేబులు ఖాళీ చేసి, దేనికైనా మంచిదని ఊపిరి బిగబట్టి మరీ ఎక్కాడు. ఎనభై తొమ్మిది.

దిగి, మళ్లీ ఎక్కాడు. అంకె మారలేదు. "ఈ కాటాలో మోసం ఉంది," అన్నాడు.

పోయిన నెల తమరే కదా ముద్ర వేశారని కొట్టు యజమాని నసిగాడు. వేశాక నువ్వేం చేశావో ఎవరికి తెలుసని ఇన్‌స్పెక్టరు గదమాయించి, కాటాకు లక్క సీలు కొట్టి, బండి మీద తన ఆఫీసుకు పంపించాడు.

బుద్ధున్నవాడైతే అక్కడితో ఇంటికి పోయేవాడు. ఈయన పాత ఇనుము కొట్టుకు వెళ్లాడు. అక్కడా ఎనభై తొమ్మిదే. రెండు కాటాలు ఒకే అంకె చూపిస్తే అది నిజమేమోనని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇన్‌స్పెక్టరుకు మాత్రం కుట్ర కనబడింది. వర్తకులంతా కూడబలుక్కున్నారని తేల్చుకుని, మధ్యాహ్నానికల్లా బజారులో ఉన్న తొమ్మిది పెద్ద కాటాలూ ఎక్కి దిగి, తొమ్మిదింటినీ జప్తు చేశాడు. తూచే దిక్కులేక ఉల్లిపాయల బస్తాలు రోడ్డు మీద పేరుకుపోయాయి. లారీలు కదల్లేదు. వర్తకులు పెద్దాఫీసుకు ఫోను చేశారు. పెద్దాఫీసరమ్మ స్వయంగా వస్తోందని తెలిసి ఇన్‌స్పెక్టరు మురిసిపోయాడు. ఇంత పెద్ద మోసం పట్టినవాడికి పైపోస్టు రాక ఎక్కడికి పోతుందనుకున్నాడు.

ఆవిడ వచ్చేసరికి ఆఫీసు వరండాలో కాటాలు వరసగా ఉన్నాయి. బజారంతా మెట్ల దగ్గర ఉంది.

"తొమ్మిదీ నాలుగేసి కిలోలు ఎక్కువ చూపిస్తున్నాయి మేడమ్."

"ముద్రలు ఎవరివి?"

"నావేనండి," అన్నాడు ఛాతీ విరిచి. ఆ మాట ఎక్కడికి దారితీస్తోందో విరిచాక గాని అర్థం కాలేదు.

ఆవిడ తన కారులోంచి ఇనుప తూకపురాళ్లు దింపించింది. ఇరవై కిలోలు పెడితే ఇరవై, ఎనభై పెడితే ఎనభై. తొమ్మిది కాటాలూ అణువంత తేడా లేకుండా చెప్పాయి. ఇన్‌స్పెక్టరుకు నలభై రోజుల నడకలోనూ పట్టనంత చెమట పట్టింది.

"కాటాలు తప్పంటే మీ ముద్రలన్నీ తప్పే. ఫైలు ఇవాళే మూసేస్తాను," అంది ఆవిడ. "కాటాలు ఒప్పంటే మీరు లావెక్కారు. ఏదో ఒకటి మీ చేత్తో రాసివ్వండి."

ఆయనకు పైపోస్టు కళ్లముందు మెదిలింది. సిగ్గు చంపుకుని, కాటాలు తొమ్మిదీ సరిగ్గా ఉన్నాయనీ తానే నాలుగు కిలోలు పెరిగాననీ రాసి సంతకం పెట్టాడు. ఆవిడ దాన్ని పైకి చదవమంది. గబగబా చదివేశాడు. వెనకవాళ్లకు వినబడలేదన్నారు. మళ్లీ చదివాడు. పరువు పోతే పోయింది, ఫైలు దక్కిందని ఊపిరి పీల్చుకున్నాడు.

అంతా అయిపోయి కారెక్కబోతూ, రోజూ నడిచే మనిషి ఎలా పెరిగాడబ్బా అని ఆవిడ ఊరికే అడిగింది. పప్పుల కొట్టు ముసలాయన పొద్దుట్నుంచీ ఈ ప్రశ్న కోసమే నిలబడ్డట్టు ముందుకొచ్చాడు.

"నడక ఊరికే పోకూడదని దారిపొడుగునా తనిఖీ చేస్తారండి. మా చిన్న కాటా మీద వంద గ్రాముల జీడిపప్పు తూయిస్తారు. పక్క కొట్లో బాదం, ఆ పక్కన బిస్కెట్లు. తూచింది మళ్లీ డబ్బాలో పోయనివ్వరు. పోస్తే పరీక్ష చెల్లదట."

"రోజుకి ఎన్ని కొట్లు?"

"ఎంత నడిస్తే అన్నండి."

ఆవిడ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "అది తిండి కాదు మేడమ్, డ్యూటీ," అన్నాడాయన. మనస్ఫూర్తిగా నమ్మే అన్నాడు, పాపం.

ఆవిడ ఫైలు సంచిలో పెట్టుకుని, వచ్చే ఏడాది చూద్దామంది. రేపటినుంచి చిన్న కాటాలను కూడా తూకపురాళ్లతోనే పరీక్షించాలనీ, ఆ రాళ్లు ఆయనే మోసుకెళ్లాలనీ చెప్పింది. జప్తు చేసిన కాటాలు సాయంత్రంలోగా ఎవరివి వాళ్లకు ఆయనే అప్పగించాలి.

తోపుడు బండి మీద ఒక్కొక్కటే పెట్టుకుని, బజారంతా చూస్తుండగా తొమ్మిది సార్లు తోశాడు. మంచినీళ్లు తప్ప ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆఖరిది ధాన్యం కొట్టుది. దాన్ని దించి, అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి ఎక్కాడు. అరకిలో తగ్గాడు.

"బజారు మొత్తానికి," అన్నాడు కొట్టు యజమానితో, "నికార్సయిన కాటా ఇదొక్కటేనయ్యా."