ముప్పై ఏళ్ళ అనుభవం గల అశ్వత్థప్ప

ఆ శనివారం పొద్దున ప్రమీల వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు లోపల నాయన ముందు కంప్యూటరులో చీటీలు తీసి చూపించాలి. మధ్యాహ్నం నిశ్చింతగా నిద్రపోవాలి.

హిందూపురం గూళ్ళ మార్కెట్ పక్క సందులో అశ్వత్థప్పకు దుకాణం ఉంది. రైతులు తెచ్చిన పట్టుగూళ్ళు తూచి, పేరూ తూకమూ చీటీ మీద రాసివ్వడం ఆయన ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. ఆ చీటీలు కంప్యూటరే రాసేలా ప్రమీల సి భాషలో ఒక ప్రోగ్రాం రాసింది. బెంగళూరులో ఉద్యోగం వెతుక్కుంటానని కూతురు అన్నప్పుడు ఆయన పెట్టిన షరతు అది.

"సోమవారం రైతులొచ్చేసరికి ఆ పెట్టె సరిగ్గా చీటీలిస్తే నువ్వు బెంగళూరుకు పో. ఇయ్యకపోతే కాటా కాడ కూర్చో. మళ్ళా ఆ మాట ఎత్తాకు."

"ఎత్తను. రైలెక్కుతా," అంది ప్రమీల.

పదిన్నరకు ఆమె గంగులమ్మ, పోతులయ్య, యల్లప్ప అని మూడు పేర్లు కొట్టింది. ప్రింటరు మూడు చీటీలు తీసింది. మూడింటి మీదా యల్లప్పే ఉన్నాడు.

"మార్కెట్టంతా యల్లప్పకే రాసిచ్చినావా?" అన్నాడు అశ్వత్థప్ప.

ప్రమీల చెప్పులేసుకుని నెట్ సెంటరుకు నడిచింది.

సి భాషలో చిక్కులొస్తే అడగడానికి బెంగళూరు తెలుగు ఇంజినీర్లు నెట్లో ఒక గ్రూపు నడుపుతున్నారు. ఉద్యోగానుభవం లేనివాళ్ళకు అందులో చోటు లేదు. ప్రమీలకు గానీ, ఆమెతో కోర్సు చదివిన పెనుకొండ జయరాజుకు గానీ, ధర్మవరం బాలాజికి గానీ అనుభవం అన్నదే లేదు. అందుకని ప్రమీల నాయన పేరుతో చేరింది. ఎన్నేళ్ళ అనుభవం అంటే ముప్పై అని కొట్టింది. ఏ పనిలో అని వాళ్ళు అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పటినుంచి ముగ్గురూ మూడు ఊళ్ళ నుంచి అశ్వత్థప్పగానే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒకరి ప్రశ్నకు ఇంకొకరు అక్కడ జవాబివ్వకూడదని, తెలిస్తే ఫోనులో చెప్పుకోవాలని ఒప్పందం.

ఆ శనివారం ప్రమీల ఇంట్లో ఫోను చచ్చి ఉంది.

ఆమె ప్రశ్న పెట్టి భోజనానికి ఇంటికి వెళ్ళింది. పెనుకొండలో జయరాజు అది చూశాడు. ఫోను చేస్తే పలకలేదు. సోమవారం గడువు తెలిసినవాడు కాబట్టి ఒప్పందం పక్కనపెట్టి అక్కడే ఒక జవాబు రాశాడు. ధర్మవరంలో బాలాజి దాన్ని చదివి ఊరుకోలేకపోయాడు.

"తెలీకపోతే నోరు మూసుకోవల్ల. తప్పు చెప్పి ఆ పిల్ల కొంప ముంచాకు," అని రాశాడు.

"నీకేమన్నా కొమ్ములుండాయా?" అని జయరాజు రాశాడు.

అన్ని మాటల మీదా అశ్వత్థప్ప పేరే ఉంది. బెంగళూరులో గ్రూపు పెద్ద వేణు ఇదంతా చూసి కంగారుపడ్డాడు. ముప్పై ఏళ్ళ అనుభవం గల పెద్దాయన తానే అడిగి, తానే చెప్పి, తన్ను తానే తిట్టుకుంటున్నాడు. వేణు మెల్లగా రాశాడు: "అయ్యా, మీరు ఒక్కరే ఉన్నారా?"

"లేదు సార్, ముగ్గురం," అన్నాడు బాలాజి.

"ఇప్పుడు ఇద్దరమే. ఒకామె తినేకి పోయింది," అన్నాడు జయరాజు.

పెద్దాయనకు విశ్రాంతి అవసరమని వేణు ఆ పేరుకు వెంటనే తాళం వేశాడు. ప్రమీల తిరిగొచ్చేసరికి గ్రూపు తెరుచుకోలేదు.

ఆదివారం పొద్దున రైల్లో వేణు, ఇద్దరు స్నేహితులు, ఒక శాలువా, యాపిల్ పండ్లు హిందూపురంలో దిగాయి. చేరేటప్పుడు ప్రమీల ఇచ్చిన చిరునామా పట్టుకుని దుకాణానికి వచ్చారు. కాటా తుడుస్తున్న అశ్వత్థప్పకు వేణు శాలువా కప్పి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అయ్యా, ఈ రోజు ఏ వారమో చెప్పగలరా?"

"ఆదివారం. ఏమప్పా, క్యాలెండర్లు అమ్మేకి వచ్చినారా?"

"నిన్న మీరు మీతోనే గొడవ పడ్డారు. గుర్తుందా?"

"నాతో నేను గొడవపడేకి తీరిక యాడుండాది నాకు? గొడవకు ఇంట్లో నా పెండ్లాం ఉండాది గదా."

స్నేహితులు ఒకరి ముఖం ఒకరు జాలిగా చూసుకున్నారు. అంతలో లోపలి నుంచి ప్రమీల వచ్చింది.

"ఆయన్ని వదలండి సార్. అశ్వత్థప్ప నేనే. పెనుకొండలో ఒకడు, ధర్మవరంలో ఒకడు. వాళ్ళూ అశ్వత్థప్పలే."

విషయం అర్థమయ్యేసరికి వేణు ముఖం ఎర్రబడింది. "ఇది మోసం. ఆ పేరు తీసేస్తాను. మీ ముగ్గుర్లో ఒక్కరూ మళ్ళీ లోపలికి రారు. ముందు క్షమాపణ చెప్పండి."

"చెప్పను. అనుభవం లేనోళ్ళు రాకూడదని వాకిలి మూసినారు. రాకపోతే అనుభవం యాడ దొరుకుతాది, సంతలోనా? మేం అడిగిన ప్రశ్నల్లో మోసముందేమో చూపించండి. చూపించలేకపోతే ఇట్లా రండి. అందరూ యల్లప్ప ఎందుకైనారో చెప్పండి. నాకు సాయంత్రం దాకానే టైముండాది."

కోపం ఎంతున్నా నడవని ప్రోగ్రాం ముందు నిలబడి ఊరుకోవడం వేణుకు చేతకాదు. శాలువాలో ఉన్న అశ్వత్థప్పను మరిచిపోయి ముగ్గురు ఇంజినీర్లూ తెర మీదికి వంగారు. ఒకాయన ప్రింటరు తప్పన్నాడు. ఇంకొకాయన అతన్ని తప్పన్నాడు. అలా అరుచుకుంటూ ఉండగా, ఫోనూ పలకక గ్రూపూ తెరుచుకోక ధర్మవరంలో రైలెక్కిన బాలాజి, దారిలో పెనుకొండలో ఎక్కిన జయరాజు పరిగెత్తుకుంటూ వచ్చారు.

"పేర్లన్నిటికీ ఒకటే గది ఇచ్చారు," అన్నాడు వేణు తెర మీద వేలు పెట్టి. "కొత్తవాడు రాగానే పాతవాడు చెరిగిపోతాడు. చివర వచ్చినవాడే మిగులుతాడు. ఒక్కొక్కరికి వేరే గది ఇవ్వాలి."

"నేను అదే నిన్న టైపు చేస్తాంటి సార్. సగంలో తాళమేసినారు," అన్నాడు బాలాజి.

వేణు దగ్గాడు. ప్రమీల గదులు వేరు చేసింది. గంగులమ్మ గంగులమ్మగా, పోతులయ్య పోతులయ్యగా బయటికి వచ్చారు.

అశ్వత్థప్ప చీటీలు ఎత్తి చూశాడు. మరోసారి చూశాడు. "బాగుండాయి. ఇంత బాగా నడిచే పెట్టెను నువ్వు లేకుండా నడిపేదెవురు? నువ్వు ఈడనే ఉండల్ల," అన్నాడు.

నడవకపోతే ఉండాలి, నడిచినా ఉండాలి.

"నువ్వే నడుపు నాయనా. ఇప్పుడే కూర్చో, నేర్పిస్తా. మాట మాటే. నేను రేపు పోతాండా," అంది ప్రమీల, కుర్చీ ఆయన వైపు లాగి.

ఆయన శాలువా తీసి కాటా మీద పెట్టాడు. తర్వాత కూర్చున్నాడు. వెళ్ళబోతూ వేణు, ముగ్గురూ ఎవరి పేరుతో వాళ్ళు చేరవచ్చని, అశ్వత్థప్ప పేరు మాత్రం తీసేస్తానని అన్నాడు.

"నా పేరు తీసేకి నువ్వెవురప్పా? ఉండనీ," అన్నాడు ఆయన, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

సోమవారం రైలు కదలకముందే ప్రమీల తల్లి పద్మావతమ్మ ఏడవడం మొదలుపెట్టింది, తర్వాత తీరిక దొరకదన్నట్టు. అశ్వత్థప్ప స్టేషనుకు రాలేదు. దుకాణంలో రైతులున్నారని చెప్పి పంపాడు.

వారం తిరక్కముందే గ్రూపులో, వేణు తాళం తీసిన అశ్వత్థప్ప పేరుతో, ఒక ప్రశ్న వచ్చింది. పోతులయ్య తూకం గంగులమ్మ చీటీలో పడుతోంది, ఏం చేయాలి అని. ఈసారి అడిగింది నిజంగా ఆయనే. గ్రూపులో ఒక్కరూ నమ్మలేదు.