నోరు మెదపని పీరియడు

పిల్లలకు చెవులున్నాయన్న సంగతిని విద్యాశాఖ ఎట్టకేలకు గుర్తించింది. గుర్తించిన మరునాడే ఉత్తర్వు వెలువడింది. ఇకపై ప్రతి తరగతిలోనూ వారానికొక పాఠం పాడ్‌కాస్టు ద్వారానే జరగాలి. పాడ్‌కాస్టు అంటే ఫోన్లో ఎవరో మాట్లాడుతుంటే మనం వినడం. టీచరు మాట్లాడుతుంటే వినడమూ దాదాపు అలాంటిదే గానీ, అందులో ఆధునికత లేదు.

ఏడో తరగతి సైన్సు టీచరమ్మకు జీర్ణక్రియ వంతు వచ్చింది. ఆవిడది ఏటేటా పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాల్సిన ఇన్‌స్పెక్టరుగారే ఆ పాఠం వినడానికి వస్తున్నారు. కాబట్టి జీర్ణక్రియ గురించి ఆలోచించినన్నాళ్ళూ ఆవిడకు తిన్నది అరగలేదు.

ఆదివారమంతా వెతికింది. మొదటి పాడ్‌కాస్టులో ఇద్దరు మిత్రులు ఒకరినొకరు పొగుడుకోవడానికే పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అన్నం ముద్ద గొంతు దిగకముందే కార్యక్రమం ముగిసింది. రెండోదాంట్లో ఒక పెద్దమనిషి, అన్నం నమలకుండా మింగితే ఆయుష్షు పెరుగుతుందని సెలవిచ్చాడు. మూడోది బాగానే ఉంది గానీ, చిన్నపేగు మధ్యలో తలనూనె ప్రకటన వచ్చింది.

పోనీ తనే చెప్పి రికార్డు చేద్దామంటే నిబంధన అడ్డొచ్చింది: "సొంత బడి టీచర్ల గొంతు చెల్లదు. జ్ఞానము బయటినుండియే రావలెను." ఉద్యోగం ముందా, నిబంధన ముందా? ఇంటి గోల వినబడకుండా బట్టల బీరువాలో తల దూర్చి, అన్నం ముద్ద చేసే ప్రయాణాన్ని పన్నెండు నిమిషాల్లో కథలా చెప్పింది.

"బీరువాతో ఏం మాట్లాడుతున్నావమ్మా?" అంది అత్తగారు.

"పాఠం చెబుతున్నానత్తయ్యా."

"చెప్పు చెప్పు. అదైతే మధ్యలో లేచిపోదు."

వక్త పేరు రాయాల్సిన చోట 'ఒక నిపుణురాలు' అని రాసి పంపింది. ఏడుగురు సభ్యుల పరిశీలనా సంఘం, ఒక్కరూ వినకుండానే, దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

తనిఖీ రోజున ఫోనును గౌరవంగా టీచరు కుర్చీలో కూర్చోబెట్టారు. టీచరమ్మ పక్కన నిలబడింది. పాడ్‌కాస్టు నడుస్తున్నంతసేపూ టీచరు నోరు మెదపరాదు. పాఠం మొదలవగానే పిల్లలు ముసిముసిగా నవ్వారు. ఇన్‌స్పెక్టరుగారు "ఆనందదాయక అభ్యసనం" అని రాసుకున్నారు. కథ మధ్యలో కుక్కరు మూడుసార్లు కూసింది. "సందర్భోచిత నేపథ్య సంగీతం" అని అదీ రాసుకున్నారు.

అప్పుడు మొదటి బెంచీలోని పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, ఆకలేస్తే కడుపులో గుడగుడమని ఎందుకంటుంది?"

ఏడాది మొత్తంలో ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న అది. టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. జవాబు నాలుక చివరనే ఉంది.

"ఆగండి, నిపుణురాలు మాట్లాడుతున్నారు కదా," అని వెనక నుంచి హెడ్మాస్టరుగారు టీచరమ్మను కసిరారు.

పిల్ల చెయ్యి దించేసింది. టీచరమ్మ మనసు చివుక్కుమంది.

ఇన్‌స్పెక్టరుగారు లేచి ఉపన్యసించారు. "నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత చక్కటి పాఠం వినలేదు. ఇలా చెప్పగలవాళ్ళు బడుల్లో ఎందుకుండరో నాకు అంతుపట్టదు." అంతుపట్టకపోయినా నివేదిక మాత్రం పంపారు: "ఉపాధ్యాయురాలు నోరు మెదపకున్నను పాఠము దివ్యముగా సాగినది. కావున సదరు పోస్టు అనవసరమని భావించడమైనది."

నెలాఖరున వీడ్కోలు సభ పెట్టారు. ఆ సభలోనే తల్లిదండ్రులు ఆ నిపుణురాలిని ఒక్కసారైనా బడికి రప్పించి సన్మానించాలని తీర్మానించారు. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఇంక భయమేముందని టీచరమ్మ లేచి నిలబడింది.

"ఆ చెప్పింది నేనేనండీ."

హెడ్మాస్టరుగారు జాలిగా చూశారు. "పాపం, బాధలో ఉన్నారు. ఎవరైనా ఆవిడకు కాసిని మంచినీళ్ళివ్వండి."

మొదటి బెంచీ పిల్ల తండ్రి కూడా తలూపాడు. "మా అమ్మాయి అయితే ఆ పాఠం విన్నరోజు నుంచీ అదే మాట, అది మా టీచరు గొంతేనని. పిల్లల మాటలకేంగానీ, ఆ నిపుణురాలి ఫోను నంబరు మీలో ఎవరి దగ్గరైనా ఉందా?"